మూడు వేళ్ల సందు

మా పొలం కొసకు ఉండేది. చెరువు కట్ట దిగి బయలుదేరిన కాలువ ముందు దొర మళ్లు తడిపి, ఆ తర్వాత పటేళ్లవి, ఇంకెవరెవరివో కయ్యలు దాటి మా నాలుగెకరాల దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లవాడు దాటగలిగేంత సన్నబడేది. కొన్ని రోజులు అదీ లేదు. నెర్రెలిచ్చిన ఒండ్రు మీద కొంగల కాళ్ల అచ్చులు కనిపించేవి. కాలువ మొగలో ఉన్నవాళ్లకు నీళ్లంటే పారేవి. కొసన ఉన్న మాకు నీళ్లంటే రావలసినవి.

ఊరి పేరు ఎందుకులెండి. వరంగల్ నుంచి నర్సంపేట పోయే రోడ్డు మీద బస్సు దిగి గంటసేపు లోపలికి నడవాలి. 1960ల చివరి మాట. ఊరికి ఒక చెరువు, దాని కింద రెండు కుంటలు, ఆ కుంటల నీళ్లు పోయి కలిసే పక్క ఊరి చెరువు. ఓరుగల్లు సీమలో చాలా ఊళ్లది ఇదే నక్ష. ఎగువ చెరువు మత్తడి దుంకిందంటే దిగువ ఊరికి కబురు అందినట్టే. గొలుసుకట్టు చెరువులని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నారు. అప్పుడు మాకు ఆ మాట తెలియదు. మీది చెరువు, కింది చెరువు, అంతే.

యాసంగి నాట్లు పడ్డాక మా తాతకు రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. గొరుకొయ్యలు నడినెత్తికి రాగానే నన్ను తట్టి లేపేవాడు.

"పోయి నీరటోన్ని చూసి రారా. తూము ఎంత లేపిండో అడుగు."

పదేళ్ల పిల్లవాణ్ణి పంపడంలో ఆయన లెక్క ఆయనకు ఉంది. పెద్దవాడు పోతే జగడమవుతుంది, పిల్లవాడు పోతే కబురవుతుంది. కట్టమైసమ్మ గద్దె దాటేటప్పుడు కళ్లు మూసుకుని ఉరికేవాణ్ణి. తూము దగ్గర గొంగడి కప్పుకుని, బీడీ ముట్టించుకుని నీరటి కూర్చుని ఉండేవాడు. నేను నోరు తెరవకముందే కుడిచెయ్యి లాంతరు వెలుతురులోకి చాపి రెండు వేళ్లు చూపేవాడు.

"రెండు వేళ్లు లేపిన చిన్న పటేలా. వేగుచుక్క పొడిచే యాల్లకు మీ మడిల నీళ్లుంటయని తాతకు చెప్పు."

ఉండేవి. ఆయన చెప్పిన వేళ తప్పింది నాకు ఒక్కసారే గుర్తుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

వయసులో ఆయన మా తాతకంటె పెద్దవాడు. అయినా మా తాత ఆయనను "ఏరా" అనేవాడు, ఆయన మా తాతను "పటేలా" అనేవాడు. నేను ఆయనను ఏమని పిలిచేవాణ్ణో రాయడానికి ఇప్పుడు చెయ్యి రాదు. ఊరి చివర వాడలో రెండు కుటుంబాలది నీరటి పని, తాతల నాటి నుంచి. ఊరందరి మడికీ నీళ్లు పెట్టే మనిషికి మా వాకిట్లో చెంబుతో పైనుంచి పోస్తే దోసిట్లో తాగడమే ఉండేది.

ఇక తూము. ఇప్పటి పిల్లలు దాన్ని చూసి ఏదో గుడి కూలిపోయిందనుకుంటారు. చెరువు లోపల, కట్టకు ఆనుకుని నాలుగు రాతి కంబాలు, వాటిని కలుపుతూ అడ్డబండలు. పై బండకు నడుమ ఒక తొర్ర. ఆ తొర్రలోంచి నిలువుగా ఒక పొడుగాటి కొయ్య నీళ్లలోకి దిగుతుంది. కొయ్య కింది కొసకు చెక్కిన మొద్దు, అదే బిరడా. చెరువు అడుగున పరిచిన బండకు గుండ్రంగా కొట్టిన రంధ్రంలో ఆ బిరడా కూర్చుంటుంది. రంధ్రం కింద చిన్న బావి, బావిలోంచి కట్ట కిందుగా బండలతో కట్టిన సొరంగం, సొరంగం అవతల కాలువ. కొయ్యకు వరుసగా చిల్లులుండేవి. ఎంత లేపాలో అంత లేపి, ఆ ఎత్తున ఉన్న చిల్లులో ఇనుప చీల దూర్చి అడ్డబండ మీద ఆనించాలి. ఉన్న యంత్రమంతా అదే. ఇందులో తొందరగా అరిగేది కొయ్య ఒక్కటే. కొయ్య అరిగితే ఊరి వడ్లాయన కొత్తది చెక్కేవాడు.

తర్వాతెప్పుడో వరంగల్‌లో సివిల్ డిప్లొమా చదివే రోజుల్లో, హాస్టల్ గదిలో కూర్చుని మా తూముకు లెక్క కట్టాను. రంధ్రం జానెడు, అంటే 20 సెంటీమీటర్లనుకుందాం. దాని మీద 4 మీటర్ల నీళ్లు నిలిస్తే బిరడా మీద పడే బరువు దాదాపు 125 కిలోలు. నీరటి గడ్డపార అడ్డుపెట్టి, నడుము వంచి, పళ్లు బిగించి ఆ కొయ్యను ఎందుకు పెకిలించేవాడో అప్పుడు అర్థమైంది. ఒక్కసారి సందు ఏర్పడిందా, కొయ్య తేలికైపోతుంది. అక్కడే అసలు పని మొదలు. ఎంత సందు?

ఈ లెక్కలో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. బిరడా కొద్దిగా లేస్తే నీళ్లు దాని చుట్టూ ఉన్న సందులోంచి దూరతాయి. బిరడా చుట్టుకొలతను లేపిన ఎత్తుతో గుణిస్తే ఆ సందు వైశాల్యం. 20 సెంటీమీటర్ల బిరడా 5 సెంటీమీటర్లు లేచేసరికి ఈ సందు, కింది రంధ్రం సమానమైపోతాయి. అంటే మూడు వేళ్లు. ఆ పైన జానెడు లేపినా, మూరెడు లేపినా నీళ్లు పెద్దగా పెరగవు, రంధ్రం అంతకు మించి మింగదు. తూము విద్య అంతా ఆ మూడు వేళ్ల సందులోనే ఉంది. అడుగూ అంగుళం చదవని మనిషికి ఈ సంగతి తెలుసు.

తెలుసని ఎట్లా చెప్పగలనంటే, ఒక ఏడు ఫాల్గుణంలో నేను కళ్లారా చూశాను. దొర జీతగాళ్లు ఇద్దరు కట్ట మీదికి వచ్చి "దొర మడికి నీళ్లు చాలుత లేవు, ఇంకింత లేపు" అన్నారు. కాదనే ధైర్యం నీరటికి లేదు. ఊళ్లో ఎవరికీ లేదు. ఆయన "నీ బాంచెను" అని గడ్డపార తీసి, మూలుగుతూ, ఆయాసపడుతూ, కొయ్యను జానెడు ఎత్తి చీల దూర్చాడు. వాళ్లు ఆ ఎత్తు చూసి తృప్తిగా వెళ్లిపోయారు. నీరటి నా వైపు చూసి నవ్వలేదు, ఏమీ అనలేదు. బీడీ ముట్టించుకున్నాడు. అప్పటికే తూము మూడు వేళ్లు లేచి ఉందని, ఆ జానెడుకు కాలువలో గ్లాసెడు నీళ్లు కూడా ఎక్కువ పోలేదని నాకు తెలియడానికి పదేళ్లు పట్టింది.

నీళ్ల వేళ తప్పింది కూడా ఆ రాత్రే. తూము ఎక్కువ ఇవ్వకపోయేసరికి వాళ్లు మొగలోనే కాలువకు గండి కొట్టి అంతా తమ మడిలోకి తిప్పుకున్నారు. తెల్లారి మా కాలువ పొడి. మూడో రాత్రి నీరటి ఆ గండికి గడ్డితో, మట్టిపెడ్డలతో అడ్డం కట్టి, దొర మనుషులు లేచే లోపల మాకు ఒక తడి పెట్టాడు. ఆ పని తన తల మీదికి వస్తుందని తెలిసే పెట్టాడు. అంతకు మించి ఆయన గురించి వీరగాథ అల్లలేను. మిగతా రోజుల్లో దొర మడికే ముందు పారేది.

తూముకు ఒక గుణం ఉంది, అది మంచి గుణం కాదు. చెరువు నిండుగా ఉన్నప్పుడు అదే రంధ్రం ఎక్కువ ఇస్తుంది, చెరువు దిగేకొద్దీ తక్కువ ఇస్తుంది. నీళ్ల లోతు నాలుగింతలైతే పారకం రెండింతలవుతుంది. ఇటలీలో టారిసెల్లి ఈ సూత్రాన్ని 1644లో అచ్చువేశాడు. మా జానెడు రంధ్రం పూర్తిగా తీస్తే, 4 మీటర్ల నీళ్ల కింద సుమారు 6 క్యూసెక్కులు, ఒక్క మీటరు కింద 3 క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు చిల్లర. 6 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 12 ఎకరాల్లో అడుగు మందం నీళ్లు నిలుస్తాయి. పుష్యంలో, నాటు అప్పుడే వేసి, ఎండ ఇంకా ముదరనప్పుడు తూము దండిగా పోస్తుంది. చైత్రంలో వరి పొట్టకొచ్చి, ఎండ నిప్పులు చెరుగుతున్నప్పుడు పిసినారి అవుతుంది. అవసరం లేని రోజుల్లో ఇచ్చి, అవసరమైన రోజుల్లో ముడుచుకుంటుంది. ఈ గుణాన్ని సరిచేయడమే నీరటి పని. చెరువు నిండుగా ఉంటే రెండు వేళ్లు, సగానికి దిగాక మూడు వేళ్లు. లెక్క వేసి చూడండి, రెండుసార్లూ కాలువలో నాలుగు క్యూసెక్కులే. ఆయన రెండు వేళ్లు చూపించినప్పుడు నాకు చెబుతున్నది ఇదంతా.

చెరువు బాగా దిగాక ఇంకో పీడ వచ్చేది, సుడి. తూము మీద నీళ్లు గిర్రున తిరిగి, నడుమ గుంట పడి, గాలిని గుర్రుగుర్రుమంటూ లోపలికి గుంజేవి. గాలి దూరితే నీళ్లు తగ్గుతాయి. ఆ చప్పుడు వినిపిస్తే నీరటి తుమ్మకంప ఒకటి తెచ్చి సుడి మీద పడేసేవాడు. సుడి చెదిరిపోయేది. పడుకున్నా ఆయన చెవి ఆ చప్పుడు మీదే ఉండేదని ఆయన భార్య అనేది.

ఇది మా ఒక్క ఊరి తెలివి కాదు. పాలంపేటలో రామప్ప గుడి, దాని పక్కన చెరువు కట్టించిన రేచర్ల రుద్రుడు కాకతి గణపతిదేవుని సేనాని, గుడి శాసనం 1213 నాటిది. టారిసెల్లికి 431 ఏళ్ల ముందు. గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అందరం పండుగ చేసుకున్నాం. చెరువుకు ఆ గుర్తింపు రాలేదు, అది ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. మా వైపు పాకాల చెరువు కూడా గణపతిదేవుని కాలానిదే, జగదాల ముమ్మడి కట్టించింది. రెండు గుట్టల నడుమ కట్ట, వెనక అడవి, 30 అడుగుల పైచిలుకు నీళ్లు. లక్నవరం, ఘనపురం, రామప్ప, పాకాల, ఏది చూసినా పని ఒక్కటే: కొండల నడుమ నీళ్లను నిలపడం, నిలిపినదాన్ని కట్ట తెగకుండా అడుగునుంచి కొలిచి బయటికి తీయడం. కట్ట గొప్పదనం కంటికి కనిపిస్తుంది. తూము గొప్పదనం నీళ్లలో మునిగి ఉంటుంది. అందుకే రాజుల పేర్లు శాసనాలకెక్కాయి, నీరటి పేరు ఎక్కడా ఎక్కలేదు.

తూము దాటాక కాలువ రెండుగా చీలే చోట ఒక బండ పరిచి ఉండేది. దానికి రెండు గండ్లు కొట్టారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద పాయ కింద ఎకరాలు ఎక్కువ, చిన్న పాయ కింద తక్కువ. కాలువలో నీళ్లు ఎక్కువైనా తక్కువైనా ఆ వంతు మారదు. బండకు కావలి అక్కర్లేదు. అక్కడినుంచి ప్రతి మడి దగ్గరా మాత్రం మనిషి కావాలి. పగలైతే నీడను అడుగులతో కొలిచి, రాత్రయితే చుక్కలను చూసి వంతులు మార్చేవాళ్లు. పిల్లలకోడి వాలేదాకా ఒకరిది, గొరుకొయ్యలు వాలేదాకా ఇంకొకరిది. అమావాస్య మబ్బు రాత్రి వచ్చిందంటే గెట్ల మీద పారలు లేచేవి.

వానకాలం పంట ఆబి, యాసంగి తాబి. పట్వారీ దస్తరంలో ఉర్దూ మాటలే. వానలు వెనకబట్టాక చెరువులో నిలిచిన నీళ్లు చూసి, ఈ యాసంగికి ఎన్ని ఎకరాలు పారుతుందో తేల్చేవాళ్లు. దాన్ని తైబందీ అనేవాళ్లు. బొడ్రాయి దగ్గర పటేలు, పట్వారీ, రైతులు కూర్చునేవాళ్లు. తూము కంబం మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో, అడుగున ఒండ్రు ఎంత పేరుకుందో, ఎండలకు ఎన్ని వేళ్లు ఆవిరవుతుందో చెప్పవలసింది నీరటి. ఆయన చాపమీద కూర్చునేవాడు కాదు, దూరంగా నేలమీద గొంతుకూర్చునేవాడు. ఆయన "ఆరు పదులు పారుతది" అంటే అరవై ఎకరాలే తైబందీ. ఒక ఏడు పెద్దలు ఆయన మాట తోసేసి ఎనభైకి ఖాయం చేశారు. కొసన ఇరవై ఎకరాలు ఎండింది. అందులో మాది రెండెకరాలు. ఎండిన పైరును కోసి పశువులకు వేస్తూ మా అవ్వ ఏడవలేదు, తిట్టింది. ఎవరినని అడిగితే చెరువును అంది.

కళ్లంలో వడ్లు తూర్పారబట్టాక నీరటికి మేర కొలిచేవాళ్లు. ఎకరానికి ఇంతని కుంచాలు, కుప్ప కింద మట్టితో కలిసిన అడుగు గింజలు అదనం. ఇనాం భూమి కొద్దిగా ఉండేది, అది మిట్ట మీద. ఊరందరికీ నీళ్లు పంచే మనిషి భూమికి నీళ్లు ఎక్కవు. ఇది పాతకాలపు మంచితనం గురించి రాసే వ్యాసం కాదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

తమిళనాట ఆ మనిషిని నీర్‌కట్టి అంటారు, కన్నడ సీమలో నీరుగంటి. పేర్లన్నీ నీటితోనే మొదలవుతాయి. దక్షిణాది చెరువులన్నీ చివరికి ఒక మనిషిని నమ్ముకున్నాయి. పంజాబ్ కాలువలు కట్టిన ఇంజనీర్లు దీనికి విరుద్ధంగా ఆలోచించారు, ఏ మనిషినీ నమ్మరాదని. 1922లో ఇ.ఎస్.క్రంప్ అనే ఇంజనీరు ఒక కాలువ తూము తయారుచేశాడు. కాలువ గట్టులో సన్నని కట్టుడు గొంతు, దాని పైన ఇనుప దిమ్మ. నీళ్లు ఆ గొంతు దాటగానే స్వేచ్ఛగా కిందికి ఉరుకుతాయి కాబట్టి, రైతు తన పిల్లకాలువను ఎంత లోతు తవ్వినా చుక్క ఎక్కువ రాదు. దిమ్మను జరపాలంటే కట్టుబడి పగలగొట్టాలి, పగలగొడితే మచ్చ కనిపిస్తుంది. పెద్ద కాలువలో నీళ్లు పెరిగితే అందరికీ ఒకే వంతున పెరగాలి, తగ్గితే ఒకే వంతున తగ్గాలి, అదీ ఆయన కోరిక. ఈ పాఠం క్లాసులో విన్న రోజు నాకు మా నీరటి గుర్తొచ్చాడు. ఈ తూము గనక మాకు ఉంటే దొర జీతగాళ్లు ఆయన నెత్తిమీద కూర్చునేవాళ్లు కాదనిపించింది. ఆ ఫాల్గుణం రాత్రి గండి కట్టి మాకు తడి పెట్టేవాడు కూడా ఉండేవాడు కాదనీ అనిపించింది. రెండూ నిజమే. ఏది మేలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

అంతలో మా తూము పాతబడింది. 1984లో పటేలు, పట్వారీల వ్యవస్థను రద్దు చేశారు. మంచి పనే. పట్వారీ పోతే ఎవరూ ఏడవలేదు. కానీ తైబందీకి కూర్చునే చాప కూడా వాళ్లతో పాటే చుట్టేశారు. బోర్లు పడ్డాయి, మోటార్లు వచ్చాయి. సొంత బోరు ఉన్నవాడికి చెరువు నిండినా ఎండినా పట్టింపు లేదు. పట్టింపు లేనివాడు కాలువ పూడిక తీయడానికి రాడు. నీరటి ముసలివాడై మంచాన పడ్డాడు, మేర కొలిచేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. మా ఇల్లు ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు. గుర్తులేదంటేనే చూడండి.

ఆ తర్వాత పెద్ద కాలువ వచ్చింది. 1963 జులై 26న పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసినప్పటినుంచి మా తాత ఆ మాట వింటూనే ఉన్నాడు. గోదావరి నీళ్లు ఓరుగల్లుకు వస్తాయట. ఆయన పోయాక వచ్చాయి. కరీంనగర్ దగ్గర దిగువ మానేరు డ్యాం 1985లో పూర్తయింది. పోచంపాడు నుంచి మొత్తం 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ దాన్ని దాటి మా జిల్లాలోకి దిగింది. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ అంటాం. మా ఊరి తూర్పు గట్టు మీదుగా దాని పిల్లకాలువ ఒకటి తవ్వారు. చూస్తే మొదటి తూము మా పొలం పక్కనే. తరతరాలుగా కొసన పడిన మేము రాత్రికి రాత్రి మొగకు వచ్చాం.

ఆ తూము సాదా గొట్టం. కాలువ గట్టులోంచి పొలంవైపు వేసిన సిమెంటు గొట్టం, దాని మూతికి ఇనుప గేటు, గేటుకు తిప్పే మర. గొట్టం రెండు కొసలూ నీళ్లలో మునిగి ఉంటే పారకం రెండువైపుల నీటిమట్టాల తేడాను బట్టి ఉంటుంది. తేడా రెండింతలు చేస్తే నీళ్లు నూటికి నలభై పెరుగుతాయి. పుస్తకం చదవని రైతులు ఈ సంగతి ఒక్క పంటలో కనిపెట్టారు. కాలువకు అడ్డంగా రాళ్లు, ఇసుక బస్తాలు పేర్చితే పైన మట్టం లేస్తుంది. ఇవతల పిల్లకాలువ లోతు తవ్వితే కింద మట్టం దిగుతుంది. రెండూ చేస్తే గొట్టం గుటగుటమని మింగుతుంది. మొగలో ఒక గొట్టం ఎక్కువ మింగితే దాని దిగువ కాలువ మట్టం దిగుతుంది, అక్కడి ప్రతి గొట్టానికీ వంతు తగ్గుతుంది. మట్టం అలా దిగుతూ దిగుతూ కొసకు చేరేసరికి గొట్టం మూతి పైనే ఉండి నీళ్లు కిందే పోతాయి.

ఇసుక బస్తాలు పేర్చినవాళ్లలో నేనూ ఉన్నాను. రాసేశాను, పోనీ. పండుగ సెలవులకు ఊరికి వచ్చి, లుంగీ ఎగ్గట్టి, మా చిన్నాయన కొడుకులతో కలిసి, డిప్లొమాలో చదివిన సూత్రాన్ని అక్కడ వాడాను. మర్నాడు గేటు కూడా ఊడబీకి గట్టు కింద పడేశాం. అడ్డం వస్తోందని.

1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, ఎన్నికలు జరిగాయి, రంగుల కరపత్రాలు పంచారు. మా సంఘం రెండు మూడు సమావేశాలు పెట్టింది. టీ బాగుండేది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున నీరటి కొడుకు మా ఇంటికి వచ్చాడు. దొర ఊరు విడిచి, భూములు తెగనమ్ముకుని హైదరాబాద్ పోయినప్పుడు ఈయన అర ఎకరం కొన్నాడు. చెరువు కింద మొగ భూమి అది. కొత్త కాలువకు అదే కొస. చెరువు అప్పటికి పూడిపోయి తుమ్మలు మొలిచి ఉంది, ఇక గతి కాలువే. వాకిట్లో నిలబడ్డాడు. కుర్చీ వేయించాను, కూర్చున్నాడు. అంత మాత్రం కాలం మారింది.

"అన్నా, మా మడికి నీళ్లు అందుత లేవు" అన్నాడు. కొంచెం ఆగి, "మీ కాడ గేటు ఎంత లేపిండ్రు?" అన్నాడు.

నేను చెయ్యి చాపి చూపించడానికి వేళ్లేమీ లేవు. "గేటు ఊడిపోయిందే" అన్నాను. ఎట్లా ఊడిందో ఆయన అడగలేదు. టీ తాగి పోయాడు. ఆ యాసంగి ఆయన మడి పారలేదు. బస్తాలు తీసేశామా అని అడుగుతారేమో, తీయలేదు. మా వరి అప్పుడే పొట్టమీద ఉంది.

2015లో మిషన్ కాకతీయ మొదలైంది. మా చెరువులోనూ యంత్రాలు దిగి పూడిక తీశాయి. నల్లటి ఒండ్రును రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. కట్ట వెడల్పయింది. పాత తూము పక్కన సిమెంటు దిమ్మ కట్టి, ఇనుప షట్టరు, మర తిప్పే పిడి అమర్చారు. కొయ్య ఎప్పుడో పుచ్చిపోయింది, కంబాల్లో ఒకటి యంత్రం తగిలి ఒరిగింది, మూడు నిటారుగానే ఉన్నాయి. పై అడ్డబండ మీద చీల ఆనిన చోట రాయి అరిగి నున్నగా గుంట పడి ఉంటుంది. ఎన్ని వందల ఏళ్ల చీలల అరుగుదలో అది. చెరువు ఇప్పుడు దాదాపు ప్రతి ఏడూ నిండుతోంది, కొన్నిసార్లు వానతో, కొన్నిసార్లు కాలువ నీళ్లు మళ్లించి. 2018 జనవరి 1నుంచి పొలం కరెంటు 24 గంటలూ ఉచితం. రాత్రి లేచి చుక్కలు చూసేవాళ్లు ఎవరూ లేరు. మోటారుకు ఆటో స్టార్టరు బిగించి పడుకుంటారు. కరెంటు వస్తే అదే నడుస్తుంది, మడి నిండినా అదే నడుస్తుంది, గెట్టు తెగి పక్కవాడి మడిలో పడ్డా అదే నడుస్తుంది.

షట్టరు తిప్పే పిడి ఎవరి దగ్గర ఉందని మొన్న దసరాకు పోయినప్పుడు అడిగాను. ఒకరు సర్పంచ్ దగ్గర అన్నారు, ఒకరు పాత సర్పంచ్ దగ్గర అన్నారు. ఇంకొకరు "దాంతోని ఏం పని, అది తిరుగది" అన్నారు. నిజమే, మర తుప్పు పట్టి బిగుసుకుపోయింది, షట్టరు సగం తెరిచే ఉంది. వానకాలం నీళ్లు ఎవరూ అడగకముందే కాలువలో పడి వాగుకు పోతున్నాయి.

నీరటి మనవడు రెవెన్యూ శాఖలో వీఆర్‌ఏగా ఉండేవాడు. 2023లో వీఆర్‌ఏలను రకరకాల శాఖల్లోకి తీసుకున్నప్పుడు అతను నీటిపారుదల శాఖలో లస్కరయ్యాడు. నెల నెలా జీతం, ఇద్దరు పిల్లలు ఇంగ్లీషు మీడియం. ఇంటికి పోయి కలిశాను. దేవుడి పటాల పక్కన గోడకు మేకు కొట్టి ఒక ఇనుప పిడి వేలాడదీశాడు, నూనె రాసి మెరుస్తోంది. చెరువు తూముదా అని అడిగాను.

"కాదు పెదనాయినా, నా డ్యూటీ కాలువది" అన్నాడు. అది ఇంకో మండలంలో, మా ఊరికి 40 కిలోమీటర్లు.